తరలింపా, తరిమివేతా: బ్ర్నో నుంచి ఎల్బే వంతెన దాకా

మ్యూనిక్‌లో నేను అద్దెకుంటున్న ఇంటి యజమానురాలికి ఎనభై ఏళ్లు దాటాయి. ఆమె ఇంటి పై వాటాలో తొమ్మిదేళ్లుగా ఉంటున్నా, ఆమె పుట్టింది ఇప్పటి చెక్ దేశంలోని బ్ర్నో నగరంలో అన్న సంగతి నాకు నిరుటి శీతాకాలం వరకూ తెలియదు. 1945 మే 30 రాత్రి తల్లి చేయి పట్టుకుని ఊరు దాటినప్పుడు ఆమెకు నాలుగేళ్లు. ఆ నడకలో ఆమెకు గుర్తున్నది ఒక్కటే, దాహం. తల్లి ఒక ఇంటి గేటు తట్టిందనీ, ఎవరూ తీయలేదనీ చెప్పారు. "మమ్మల్ని తరిమేశారు" అని ఆమె జర్మన్‌లో వాడిన మాటనే మర్నాడు ఆఫీసులో మా చెక్ సహోద్యోగి దగ్గర అన్నాను. ఆయన మర్యాదగానే సరిదిద్దారు: "మేం దాన్ని తరలింపు అంటాం."

మేము నివసించే మ్యూనిక్‌లోనే, ఇప్పుడు సంగీత కళాశాలగా ఉన్న ఒక భవనంలో, 1938 సెప్టెంబరు ఆఖరున నాలుగు దేశాల నాయకులు కూర్చుని చెకోస్లోవేకియా సరిహద్దు ప్రాంతాలను హిట్లర్‌కు అప్పగించారు. యుద్ధం ముగిశాక ఆ దేశం తన దగ్గరున్న సుమారు 30 లక్షల మంది జర్మన్లను వెళ్లగొట్టింది. మొత్తం తూర్పు యూరప్ నుంచి అలా వచ్చిపడినవారు కోటీ ఇరవై లక్షలకు తక్కువ కారు. ఇదంతా పుస్తకాల్లో చదవవచ్చు. ఇప్పుడు ఆ ఊళ్లలో, ఆ ఇళ్లలో ఉంటున్నవాళ్లు దీన్ని గురించి ఏమనుకుంటున్నారో వాళ్ల నోటనే వినాలని మే నెలాఖరులో బయలుదేరాను.

మొదటి రోజు, బ్ర్నో

వియన్నాలో రైలు మారితే బ్ర్నోకు గంటన్నర ప్రయాణం. సరిహద్దు ఎప్పుడు దాటామో తెలియలేదు. ఫోనులో వచ్చిన మెసేజిని బట్టి దేశం మారిందని తెలుసుకున్నాను. ఆనాడు పసిబిడ్డలతో, ముసలివాళ్లతో ఇదే సరిహద్దువైపు నడిచినవారిలో కొందరు దీన్ని దాటకుండానే దారిలో పడిపోయారన్న సంగతి ఆ ఏసీ బోగీలో కూర్చుని తలచుకోవడం కష్టమనిపించింది.

మెండెల్ చౌకు దగ్గర ట్రామ్ దిగాను. ఇంటర్మీడియట్‌లో బఠానీ మొక్కల పాఠం చదివిన మనందరికీ తెలిసిన గ్రెగర్ మెండెల్ ఈ చౌకు పక్కనున్న అగస్టీనియన్ మఠంలోనే ఆ మొక్కలు పెంచాడు. పక్క వీధిలోని బీరు కర్మాగారం నుంచి ఉడుకుతున్న బార్లీ వాసన చౌకంతా కమ్ముకుని ఉంది. మే 30 రాత్రి పోలీసులూ, ఆయుధాల కర్మాగార కార్మికులూ జర్మన్ల ఇళ్లకు వెళ్లి, వెంట తీసుకుపోగలిగినంత మూటతో దిగమని చెప్పి, జనాన్ని పోగుచేసిన చోట్లలో ఈ మఠం తోట ఒకటి. ఇరవై వేలకు పైగా జనం. దాదాపు అందరూ ఆడవాళ్లూ, పిల్లలూ, వృద్ధులే. తోటలో ఒక స్మారక శిల ఉంది. దాని ముందు ఎవరో పెట్టిన కొవ్వొత్తి సగం కరిగి, గాజు గ్లాసులో వాన నీటిలో తేలుతోంది.

ఆయుధాల కర్మాగారం అన్నాను కదా, దాని పేరు జ్బ్రోయోవ్‌కా. జర్మన్లను వెంటనే పంపేయాలని అధికారుల మీద ఎక్కువ ఒత్తిడి తెచ్చినవారిలో ఆ కార్మికులు ముందున్నారు. యుద్ధం ముగిశాక అదే కర్మాగారం జెటోర్ ట్రాక్టర్లు తయారుచేయడం మొదలుపెట్టింది. 1970ల్లో హెచ్ఎంటీ వాటినే మన దేశంలో తయారుచేసింది. మా ఊళ్లో మా పెదనాన్న పొలం దున్నిన ట్రాక్టరు మీద ఆ పేరు చూస్తూ పెరిగిన నాకు, అది పుట్టిన షెడ్ల నుంచి ఆ రాత్రి బయలుదేరిన మనుషుల్ని కేవలం దుర్మార్గులుగా ఊహించుకోవడం సాధ్యం కాలేదు. ఆరేళ్ల నాజీ ఆక్రమణలో వాళ్లు ఏం చూశారో కూడా చూడాలనుకుని సాయంత్రం కౌనిత్స్ విద్యార్థి వసతి గృహానికి వెళ్లాను.

నాజీల రహస్య పోలీసు దళం గెస్టపో ఆ హాస్టల్‌ను జైలుగా మార్చి, దాని ఆవరణలోనే వందల మంది చెక్ దేశభక్తుల్ని కాల్చి చంపింది, ఉరితీసింది. ఆ ఉరితీతలను చూడడానికి ఊళ్లోని జర్మన్లు కొందరు వచ్చి నిలబడేవారన్న మాట బ్ర్నోలో ఇప్పటికీ చెప్పుకుంటారు. 1945 మే 12న, అంటే యుద్ధం ముగిసిన నాలుగో రోజున, అధ్యక్షుడు బెనెష్ ఇదే నగరానికి వచ్చి, జర్మన్ సమస్యను పూర్తిగా తుడిచిపెట్టాలని ప్రసంగించాడు. ఆ ప్రసంగం విన్న జనానికి కౌనిత్స్ ఆవరణ కొత్త కాదు. పద్దెనిమిది రోజుల తర్వాత ఆ రాత్రి వచ్చింది. ఈ రెండు చోట్ల మధ్యా ట్రామ్‌లో పావుగంట దూరం. బ్ర్నోలో ఈ విషయం గురించి మాట్లాడినవారిలో ఒకచోటిని మాత్రమే చూపించి రెండోదాన్ని దాటవేసినవారిని నేను ఇరువైపులా చూశాను.

రెండవ రోజు, పోహొర్జెలిత్సె నుంచి వెనక్కి

ఉదయం ఏడింటికి బస్సు దక్షిణాన ముప్పై కిలోమీటర్ల దూరంలోని పోహొర్జెలిత్సెలో దింపింది. ఆనాడు నడవలేక ఆగిపోయినవారిని ఇక్కడి బారకాసుల్లో ఉంచారు. తిండి లేక, రక్త విరేచనాలతో, టైఫస్‌తో రోజూ పదులకొద్దీ చనిపోయారు. ఊరి బయట రోడ్డు పక్కన, పొలాల అంచున శిలువా ఫలకమూ ఉన్నాయి. 890 మందిని ఇక్కడ పాతిపెట్టారని ఆ ఫలకం చెబుతుంది. ఆ నడక వల్ల మొత్తం మీద చనిపోయినవారు దాదాపు 1,700 అని చెక్ చరిత్రకారుల అంచనా. నిర్వాసితుల సంఘాలు ఒకప్పుడు చెప్పిన సంఖ్యలు ఇంతకు ఎన్నో రెట్లు.

నిర్వాసితులు అన్న మాట రాసి ఆగిపోయాను. మనకు శ్రీశైలం, పోలవరం ముంపు గ్రామాల వల్ల ఆ మాట బాగా అలవాటైంది. అందులో ఇల్లు పోవడం ఉంది గానీ, ఒకడు వచ్చి మెడపట్టి గెంటడం లేదు. జర్మన్‌లో వీరికి వాడే మాటలో ఆ గెంటడం ఉంది. చెక్ భాషలో వాడుకలో ఉన్న "ఒద్సున్" అనే మాటలో అది లేదు. సామాన్లను ఒకచోటి నుంచి మరోచోటికి జరిపినట్లు ఉంటుంది. 1945 వేసవిలో జరిగినదానికి "అదుపులేని ఒద్సున్" అనీ, 1946లో రైళ్లలో సుమారు 20 లక్షల మందిని పంపినదానికి "క్రమబద్ధమైన ఒద్సున్" అనీ వాళ్ల పాఠ్యపుస్తకాలు పేర్లు పెట్టాయి. తరిమివేత అనే అర్థమిచ్చే "విహ్నానీ" అన్న చెక్ మాట వాడేవాడు జర్మన్ల పక్షం మాట్లాడుతున్నాడని చాలాకాలం అనుకునేవారు. ఆ రోజు నాతో నడిచిన కుర్రవాళ్లందరూ "విహ్నానీ" అనే అన్నారు.

అవును, నడిచాం. యరోస్లావ్ ఒస్త్రిచిలీక్ అనే విద్యార్థి 2007లో కొద్దిమంది మిత్రులతో ఈ దారి వెంట మొదలుపెట్టిన స్మారక నడక ఇప్పుడు ఏటా జరుగుతోంది. మొదట్లో ఆనాటి వాళ్లలాగే బ్ర్నో నుంచి పోహొర్జెలిత్సె వైపు నడిచేవారు. 2015లో దిశ మార్చారు. ఆ ఏడాది మే నెలలో బ్ర్నో నగర సభ, జరిగినదానికి మనఃపూర్వకంగా చింతిస్తున్నామని తీర్మానం చేసింది. సభలో అందరూ దానికి ఒప్పుకోలేదు. అయినా మేయర్ పేత్ర్ వొక్రాల్ ఆనాడు వెళ్లగొట్టబడినవారిని నగరానికి ఆహ్వానించాడు. పంపేసిన దారి వెంట వాళ్లను ఇంటికి తీసుకువస్తున్నట్లుగా ఉండాలని అప్పటి నుంచి నడక బ్ర్నో వైపు సాగుతోంది. దిశ మార్చడం చిన్న సంగతిలా కనిపించవచ్చు. వెళ్లగొట్టడాన్ని తిరిగి అభినయిస్తూ నడవడం వేరు, నగరం ఎదురొచ్చి తోడుకుపోతున్నట్లు నడవడం వేరు. కాళ్లతో నడిస్తేగానీ ఆ తేడా నాకు అర్థం కాలేదు.

మాలో బ్ర్నో విశ్వవిద్యాలయ విద్యార్థులున్నారు, వియన్నా నుంచి వచ్చిన దంపతులున్నారు, చక్రాల కుర్చీలో ఒక వృద్ధుడు ఉన్నాడు. ఆయన మనవడు వంతులవారీగా తోస్తున్నాడు. రోడ్డు మీద ఎండ కాచింది. ఒక ఊళ్లో తెల్లటి సున్నం గోడల ఇంటి ముందు, గేటు పక్కన బల్ల మీద కూర్చున్న డెబ్బై, డెబ్బై ఐదేళ్ల పెద్దాయన మమ్మల్ని చాలాసేపు చూశాడు. చెక్ వచ్చిన విద్యార్థిని ఒకామె నా తరఫున మాట్లాడింది. "మొదలుపెట్టింది వాళ్లు కదా" అన్నాడాయన. వాళ్ల నాన్నను బలవంతపు కూలీగా జర్మనీకి తీసుకుపోయారట. తిరిగివచ్చాక ఆయన ఎప్పుడూ జర్మన్ మాట పలకలేదట. విద్యార్థిని వాదించలేదు. కొంచెం ఆగి, నా చేతిలోని ఖాళీ సీసాను చూసి, ఆయన లేచి పెరట్లోకి వెళ్లి, కుళాయి కింద నీళ్లు పట్టి తెచ్చి ఇచ్చాడు. సీసా చల్లగా, బయటంతా తడిగా ఉంది. ఆ నీళ్లు తాగేటప్పుడు మా ఇంటి యజమానురాలు గుర్తురాకుండా ఎలా ఉంటారు?

రాయ్‌హ్రద్ మఠం దాటాక కాళ్లు మొరాయించాయి. సాయంత్రానికి మెండెల్ చౌకు చేరి, నిన్న చూసిన అదే తోటలో గడ్డి మీద కూర్చున్నాం. నడవడానికి ఎనిమిది గంటలకు పైగా పట్టింది. మా చేతుల్లో మూటలు లేవు, బిడ్డలు లేరు, వెనక తుపాకులు లేవు.

మూడవ రోజు, ప్రాగ్

రైల్లో ప్రాగ్ చేరి సామాను హోటల్లో పెట్టి, మెట్రోలో బొర్జిస్లావ్‌కాకు వెళ్లాను. యాత్రికులు చూడడానికి వెళ్లే చోటు కాదు. అపార్టుమెంట్లు, ట్రామ్ పట్టాలు, ఒక సూపర్ మార్కెట్. 1945 మే నెలలో ఇక్కడ రోడ్డు పక్కన నిలబెట్టి సుమారు 40 మంది జర్మన్ పౌరులను కాల్చి, కొన ఊపిరితో ఉన్నవారి మీదుగా లారీ నడిపారు. ఒక ఔత్సాహికుడు దాన్ని తన కెమెరాతో చిత్రించాడు. ఆ రీలును అతని కుటుంబం దశాబ్దాలపాటు దాచింది. 2010 మే నెలలో, విజయదినోత్సవానికి ముందు, చెక్ ప్రభుత్వ టెలివిజన్ దాన్ని ప్రసారం చేసినప్పుడు ఎన్నో ఇళ్లలో జనం మొదటిసారి తమ వాళ్ల చేతుల్లో తుపాకులు చూశారు. అంతవరకూ ఇదంతా జర్మన్లు చెప్పుకునే కథ. ఈ సారి చూపించింది సొంత దేశపు టెలివిజన్.

చెక్ వైపు నుంచి ఈ మాట మొదట పలికినవారికి అది ఊరకే దక్కలేదు. కమ్యూనిస్టు పాలనలో, 1978లో, యాన్ మ్లినారిక్ అనే స్లొవాక్ చరిత్రకారుడు "డనూబియస్" అనే మారుపేరుతో, ఆ వెళ్లగొట్టడమే తమ సమాజపు నీతిని దెబ్బతీసిందనీ, ఒక వర్గం ఆస్తిని విచారణ లేకుండా లాక్కోవడం నేర్చుకున్న రాజ్యం తర్వాత అందరి ఆస్తినీ లాక్కున్నదనీ వాదించాడు. తోటి అసమ్మతివాదుల్లోనే దాని మీద పెద్ద రగడ జరిగింది. 1990 మార్చి 15న, నాజీ ఆక్రమణ వార్షికదినాన, జర్మన్ అధ్యక్షుడు వైత్సెకర్‌ను ప్రాగ్ కోటలో పక్కన నిలబెట్టుకుని చెకోస్లోవేకియా అధ్యక్షుడు హవెల్ చెప్పిన మాటల సారం కూడా ఇదే: దోషులను ఒక్కొక్కరినీ విచారించి శిక్షించడానికి బదులు అందరినీ వెళ్లగొట్టారు, అది శిక్ష కాదు, పగ. ఆ మాటకు దేశంలో చాలామంది ఆయన్ను క్షమించలేదు.

ఎందుకు క్షమించలేదో రెండు సంగతులు చెబుతాయి. ఒకటి, భయం. సరిహద్దు జిల్లాల్లో లక్షల కుటుంబాలు జర్మన్లు వదిలిపోయిన ఇళ్లలో స్థిరపడ్డాయి. తప్పు ఒప్పుకుంటే ఇల్లు అడుగుతారన్న భయం మూడు తరాలుగా ఉంది. 2002 ఏప్రిల్‌లో చెక్ పార్లమెంటు దిగువ సభ, జర్మన్ల ఆస్తినీ పౌరసత్వాన్నీ తీసేసుకున్న యుద్ధానంతర శాసనాలను ప్రశ్నించడానికి వీల్లేదని ఒక్క వ్యతిరేక ఓటు లేకుండా తీర్మానించింది. 2009లో అధ్యక్షుడు క్లౌస్ యూరోపియన్ యూనియన్ లిస్బన్ ఒప్పందం మీద సంతకానికి ఇదే సాకుగా మినహాయింపు కోరాడు. 2013 జనవరిలో అధ్యక్ష ఎన్నికల టీవీ చర్చలో కారెల్ ష్వార్జెన్‌బెర్గ్, ఆనాడు చేసినది ఇప్పుడైతే తీవ్రమైన మానవ హక్కుల ఉల్లంఘన అవుతుందని, బాధ్యులు హేగ్ కోర్టులో నిలబడవలసి వచ్చేదని అన్నాడు. మర్నాటి నుంచి ప్రచారమంతా దాని మీదే తిరిగింది; ఆయన సుమారు 45 శాతం ఓట్లతో ఓడిపోయాడు. ఆ ఒక్క మాట వల్లనే ఓడిపోయాడని నేను అనను. కానీ అంతమంది ఆ మాట విన్నాక కూడా ఆయనకు ఓటు వేశారు; 1990లో అది ఊహించలేని సంగతి.

రెండోది చట్టం. 1946 మే 8న చేసిన 115వ నంబరు చట్టం, స్వాతంత్ర్య పోరాటంలో భాగంగానో, ఆక్రమణదారుల దుశ్చర్యలకు న్యాయమైన ప్రతీకారంగానో 1945 అక్టోబరు 28 దాకా చేసిన పనులు నేరాలు కావని చెప్పింది. ఇది రద్దు కాలేదు. "న్యాయమైన ప్రతీకారం" అన్న రెండు మాటల కింద మంచి పోరాటయోధుడూ, పసిపిల్లను కాల్చినవాడూ ఒకే గొడుగు కింద చేరిపోయారు. ఈ చట్టమే లేకపోతే నిజమైన చెక్ వీరులకే ఎక్కువ గౌరవం దక్కేదని నాకు గట్టిగా అనిపిస్తుంది.

1996లో చెక్, జర్మన్ చరిత్రకారుల ఉమ్మడి సంఘం మృతుల సంఖ్యను 15,000 నుంచి 30,000 మధ్యగా తేల్చింది. అంతకు ముందు జర్మనీలో రెండు లక్షలకు పైగా అనేవారు. ఆ లెక్క రెండు వైపులా కోపం తెప్పించింది. దాన్ని అనుసరించి 1997 జనవరిలో రెండు ప్రభుత్వాలూ సంయుక్త ప్రకటన చేశాయి. జర్మనీ నాజీ పాలనకు, చెక్ దేశం యుద్ధానంతర అతిక్రమణలకు విచారం తెలిపాయి.

నాలుగవ రోజు, తెరెజీన్ మీదుగా ఊస్తి

తెరెజీన్‌లో చిన్న కోట అనే జైలు గురించి ఎక్కువ చెప్పను. గెస్టపో ఇక్కడ వేలమందిని హింసించింది. 1945 మే తర్వాత అవే గదుల్లో 1948 దాకా జర్మన్లను బంధించారు. ఈ రెండో సంగతి గురించిన ప్రదర్శన కూడా అక్కడ ఉంది. పాఠశాల పిల్లలతో వచ్చిన ఒక ఉపాధ్యాయిని, తన చిన్నతనంలో ఈ రెండో భాగం గురించి ఎవరూ చెప్పలేదని అన్నారు.

ఊస్తి నాద్ లాబెమ్ ఎల్బే నది ఒడ్డున ఉంది. 1945 జులై 31 మధ్యాహ్నం ఊరి చివర ఆయుధ గిడ్డంగి పేలింది. జర్మన్ల కుట్ర అన్న పుకారుతో, చేతికి తెల్ల గుడ్డ కట్టుకుని పనుల నుంచి తిరిగివస్తున్న జర్మన్లను వంతెన మీదా, చౌకులోనూ కొట్టి చంపారు, నదిలో తోశారు. నదిలో పడ్డవారి మీద తుపాకులు పేల్చారు. తెల్ల గుడ్డ కట్టుకోవడం జర్మన్లకు తప్పనిసరి నియమం. ఆ రోజు చంపేవాళ్లకు అదే గుర్తు అయింది. ఊరి చెక్ మేయర్ ఆపడానికి ప్రయత్నించాడు. మృతులు దాదాపు వంద లోపు అని ఇప్పటి చరిత్రకారులు అంటారు. జర్మనీలో ఒకప్పుడు వేలల్లో చెప్పేవారు. పేలుడు జర్మన్ల పనే అనడానికి రుజువు దొరకలేదు.

ఆ వంతెన పేరు ఇప్పటికీ బెనెష్ వంతెనే. దాని రెయిలింగు మీద 2005లో బిగించిన లోహ ఫలకం ముందు నేను చాలాసేపు నిలబడ్డాను. "1945 జులై 31నాటి హింసకు బలైనవారి స్మృతికి" అని చెక్‌లో, జర్మన్‌లో ఉంది. అక్షరాల అంచుల్లో దుమ్ము, ఒక మూల సాలెగూడు. కింద ఎల్బే నీళ్లు బురద రంగులో నెమ్మదిగా పోతున్నాయి. బలైనవారెవరో, బలి తీసుకున్నవారెవరో ఫలకం చెప్పదు. "జర్మన్లు" అన్న మాట తీసేయకపోతే ఫలకమే పెట్టనిచ్చేవారు కాదేమో. అలాగని ఆ పేరు లేని వాక్యం నా మనసుకు సరిపోలేదు. కానీ నగర మ్యూజియంలో 2021లో తెరిచిన శాశ్వత ప్రదర్శన చూశాక ఆ అసంతృప్తి కొంత తగ్గింది. దాని పేరే "మన జర్మన్లు". వందల ఏళ్లు కలిసి బతికిన పొరుగువాళ్ల పనిముట్లు, వంటపాత్రలు, పాఠపుస్తకాలు అన్నీ పెట్టి, చివరికి వెళ్లగొట్టడం దగ్గరికి తీసుకువస్తారు. "మన" అన్న ఒక్క మాటకు ఎన్ని దశాబ్దాలు పట్టిందో!

ఐదవ రోజు, పోస్తొలోప్ర్తి, ఇల్లు

తిరుగు దారిలో పోస్తొలోప్ర్తి అనే చిన్న ఊళ్లో దిగాను. 1945 మే, జూన్ నెలల్లో సైనికులు ఇక్కడ పక్క ఊళ్ల జర్మన్ మగవాళ్లనూ, అబ్బాయిలనూ చంపి గోతుల్లో పూడ్చారు. 1947లో తవ్వి తీసినప్పుడు 763 శవాలు లెక్కకు వచ్చాయి. ఆ విచారణ ఫలితాన్ని ప్రభుత్వం దాచింది. 2010లో శ్మశానం గోడ మీద ఫలకం పెట్టారు. "పోస్తొలోప్ర్తి ఘటనల అమాయక బాధితులందరికీ" అని. ఇక్కడా ఆ మాట లేదు. వేడి మధ్యాహ్నం, ఊళ్లో తలుపులన్నీ మూసి ఉన్నాయి.

జర్మన్ల వైపు కూడా మార్పు తక్కువేమీ కాదు. మా ఇంటి యజమానురాలి అక్క ఏటా పెంతెకొస్తు పండుగకు జరిగే సుడేటన్ జర్మన్ల (చెక్ ప్రాంతాల నుంచి వెళ్లగొట్టబడినవారి) సభకు వెళ్లేవారట, స్వదేశం తిరిగి మాదే అవుతుందన్న నమ్మకంతో. ఆ సంఘం 2015లో స్వదేశాన్ని తిరిగి పొందడమనే ఆశయాన్ని తన నియమావళి నుంచి తొలగించాలని తీర్మానించింది. మరుసటి ఏడాది ఆ సభకు మొదటిసారిగా ఒక చెక్ మంత్రి, సంస్కృతి శాఖ చూసే డానియెల్ హెర్మన్, వచ్చి మాట్లాడాడు. అక్కగారు అప్పటికి లేరు.

రాత్రి ఇల్లు చేరేసరికి ఆమె మెలకువగానే ఉన్నారు. వంటింటి బల్ల దగ్గర కూర్చుని ఫోనులో ఫొటోలు ఒక్కొక్కటే చూశారు. ఊస్తి ఫలకాన్ని పెద్దది చేసి చదివి, ఏమీ అనలేదు. పోహొర్జెలిత్సె దారి ఫొటోలు వచ్చినప్పుడు, "ఎంతసేపు నడిచారు?" అని అడిగారు. ఎనిమిది గంటలకు పైనే అన్నాను. "నీళ్లు దొరికాయా?" అన్నారు. ఆ పెద్దాయన అన్న మాటా చెప్పాను, నీళ్లు పట్టి ఇచ్చిన సంగతీ చెప్పాను. "ఏ ఊళ్లో?" అన్నారు. పేరు గుర్తు రాక మ్యాపు తీసి, పోహొర్జెలిత్సెకూ రాయ్‌హ్రద్‌కూ మధ్య ఆ మలుపు చూపించాను. ఆమె కళ్లజోడు సరిచేసుకుని, రోడ్డు గీత మీద వేలు పెట్టి, మెల్లగా దక్షిణం వైపు జరుపుకుంటూ పోయారు.